ఆగగలిగినవాడి ధర

ఆదోని మార్కెట్ యార్డుకు పొద్దున వచ్చిన పత్తి లాటు ధర మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది. అమెరికాలో ఎవరో అమ్మకానికి పెట్టిన పాత కారు ధర తేలడానికి ఏడు రోజులు పడుతుంది. రెండూ ఆన్‌లైన్ వేలాలే. రెండుచోట్లా కొనేవాడు తెర మీద అంకె కొడతాడు, అందరికన్నా ఎక్కువ కొట్టినవాడిదే గెలుపు. చాలాకాలం జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి మొదటిది నాకు బాగా తెలుసు. రెండోది మా మేనల్లుడి వల్ల తెలిసింది.

అతను డాలస్‌లో ఉద్యోగం చేస్తాడు. పాత కార్లంటే ప్రాణం. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఒక రాత్రి భోజనాలయ్యాక ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "చూడు మామా, ఇంగ రెండు నిమిషాలే ఉండాది" అన్నాడు. తెర మీద నారింజ రంగు డాట్సన్ 240జడ్, 1972 మోడల్. దాని కింద గడియారం. అది సున్నాకు దగ్గర పడినప్పుడల్లా ఎవరో ఒకరు ధర పెంచుతున్నారు, గడియారం మళ్ళీ రెండు నిమిషాలకు పోతోంది. అట్లా చాలాసేపు సాగి చివరికి ఆగింది. ఎవరు గెలిచారని అడిగాను. "ఎవురూ లేదు మామా. రిజర్వు అందలే. ఆయప్ప కారు ఆయప్ప దగ్గర్నే ఉంటాది" అన్నాడు.

అంతమంది పోటీపడి డబ్బు ఇస్తామంటుంటే ఒక మనిషి ఇంట్లో కూర్చుని కాదనగలిగాడు. వేలం అంటే ధర పెరగడమే అనుకుంటాం మనం. ఆ రాత్రి నుంచి నాకు మాత్రం వేలంలో అసలు చూడాల్సింది అమ్మేవాడు కాదనగలడా లేడా అన్నదే అనిపిస్తోంది. పత్తి లెక్కలు రాసిన రోజులన్నీ ఆ కంటితో మళ్ళీ గుర్తు చేసుకున్నాను.

కార్ల వేలం ఎట్లా నడుస్తుందో ముందు చెప్పాలి. ఇందులో బాగా పేరున్నది బ్రింగ్ ఎ ట్రైలర్ అనే సంస్థ. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. మొదట్లో ఎక్కడెక్కడ మంచి పాత కార్లు అమ్మకానికి ఉన్నాయో ఏరి చూపించేది, 2014 నుంచి తనే వేలం వేస్తోంది. 2020లో హర్స్ట్ అనే పెద్ద పత్రికా సంస్థ దాన్ని కొనుక్కుంది. అమ్మదలచినవాడు కారు వివరాలు పంపుతాడు. సంస్థవాళ్ళు వచ్చినవాటిలో కొన్నిటినే ఎంచుకుంటారు. తర్వాత పదుల కొద్దీ ఫొటోలు: కారు అడుగు భాగం, తుప్పు పట్టిన చోటు, చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, రంగు మళ్ళీ వేశారా లేదా అని కొలిచిన అంకెలు. చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేస్తున్నప్పటి వీడియో కూడా పెడతారు, ఎందుకంటే ఇంజన్ రోగం ఏదైనా ఉంటే బయటపడేది అప్పుడే. లోపాలను దాచకుండా రాస్తారు. వేలం జరిగే వారం రోజులూ ఎవరైనా బహిరంగంగా ప్రశ్నలు అడగొచ్చు, అమ్మేవాడు జవాబు చెప్పాలి. ఆ మోడల్‌ను విప్పి బిగించిన మెకానిక్కులు, అలాంటి కారు ముప్పై ఏళ్ళు నడిపినవాళ్ళు ఆ ప్రశ్నలు అడుగుతారు. ఇంతమంది పరీక్షలో నిలిచిన సరుకు గురించి వేల మైళ్ళ దూరంలో ఉన్నవాడికి కూడా ధైర్యం వస్తుంది, కళ్ళతో చూడకుండానే పాడతాడు. గెలిచినవాడు ధర మీద 5 శాతం సంస్థకు ఇస్తాడు, దానికీ ఒక పరిమితి ఉంది. ఆ రుసుము ఎగ్గొట్టకుండా పాటకు ముందే అతని క్రెడిట్ కార్డు మీద ఆ మొత్తం పట్టి ఉంచుతారు.

గడియారం రెండు నిమిషాలు వెనక్కి పోవడానికి మంచి కారణమే ఉంది. ఈబే వేలాలు ముందే చెప్పిన క్షణానికి ముగిసిపోయేవి. అందువల్ల చాలామంది చివరి క్షణందాకా కదలకుండా కూర్చుని, ఎదుటివాడు తేరుకునేలోపల అంకె కొట్టేవాళ్ళు. అమెజాన్ కూడా అప్పట్లో వేలాలు నడిపేది. అక్కడ చివర్లో ఎవరైనా పాడితే సమయం మరో పది నిమిషాలు పెరిగేది. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు ఈ రెండింటినీ పోల్చి 2002లో ఒక వ్యాసం రాశారు. సమయం పెరిగేచోట ఆ చివరి క్షణపు దెబ్బలు బాగా తక్కువని తేల్చారు. ఊళ్ళలో గుడి కొబ్బరికాయలకో, చెరువు చేపలకో వేలం పాడేటప్పుడు "ఒకటోసారి, రెండోసారి" అని ఆగి ఆగి అడిగేదీ ఇందుకే. ఇంకా పెంచగలిగినవాడికి అవకాశం మిగలాలి.

ఇక రిజర్వు. అమ్మేవాడు ఒక కనీస ధర రాసి సంస్థకు ఇస్తాడు. పాడేవాళ్ళకు అది తెలియదు. పాట అక్కడిదాకా రాకపోతే అమ్మకం లేదు. ఇది అమెరికావాళ్ళు కనిపెట్టిన హక్కేమీ కాదు, మన చట్టంలోనే ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 64వ సెక్షన్ పూర్తిగా వేలాల గురించే. రిజర్వు ధర పెట్టుకోవచ్చని అది చెబుతుంది. తన సరుకుకు తానే పాడే హక్కు ఉందని ముందే చెప్పకుండా అమ్మేవాడు పాట పాడకూడదని, దొంగ పాట పాడించి ధర పెంచితే కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చని కూడా చెబుతుంది. తొంభై ఏళ్ళ కిందటి ఆ నాలుగు ముక్కల్లో అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ రక్షణ ఉంది.

ఆదోనికి వద్దాం. ఒకప్పుడు రెండో ముంబై అని పేరు తెచ్చుకున్న ఊరు ఇది. బట్టల వ్యాపారం ఎంతో, పత్తి వ్యాపారం అంత. చుట్టూ నల్లరేగడి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలో ఉండేది కాబట్టి సరిహద్దు అవతలి కన్నడ రైతులకు ఇప్పటికీ ఇది తమ మార్కెట్టే. ఇక్కడి పత్తిలో కొంత ఒకప్పుడు ఎమ్మిగనూరు మగ్గాల మీదికి పోయి బట్టగా మారేది. మాచాని సోమప్ప 1938లో అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం స్థాపించి ఆ ఊరి పేరును దేశం నలుమూలలకూ చేర్చాడు.

కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ మార్కెట్‌ను మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆదోని యార్డు కూడా అందులో చేరింది. గేటు దగ్గర రైతు పేరు, సరుకు రాసుకుని లాటు నంబరు ఇస్తారు. వ్యాపారులు రాశుల మధ్య తిరుగుతారు. ఒకాయన రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. పైన ఆరింది, కింద తడిది పెట్టారేమోనని. రెండు బొటనవేళ్ళ మధ్య పోగు లాగి పింజ పొడవు చూస్తాడు. గింజ కొరికి తేమ అంచనా కడతాడు. చీటీ మీద లాటు నంబరు, పక్కన అంకె. తర్వాత ఆ అంకె కంప్యూటర్‌లోకి పోతుంది. గడువు ముగిశాక ఏ లాటు ఎవరికి, ఎంతకు అన్నది బయటికి వస్తుంది. అప్పుడు తూకం, హమాలీ, తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ.

ఆ అంకె వెనక లెక్క నేను రాసిందే కాబట్టి చెప్పగలను. క్వింటా పత్తిని జిన్ను పడితే ముప్పై మూడు, ముప్పై నాలుగు కిలోల దూది వస్తుంది. మిగిలింది చాలావరకు గింజ, కాస్త తరుగు. దూది ధర 356 కిలోల క్యాండీ లెక్కన ఆ రోజు ఏముందో అన్ని మిల్లులకూ తెలుసు. గింజ ధర నూనె, చెక్క ధరను పట్టి ఉంటుంది, అదీ అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే: ఈ రాశిలో దూది ముప్పై రెండు కిలోలు వస్తుందా, ముప్పై ఐదా. మూడు కిలోల తేడా మీదే మిల్లు లాభనష్టాలు ఆధారపడతాయి. అందరికన్నా ఎక్కువ పాడినవాడంటే అందరికన్నా ఎక్కువ ఆశపడ్డవాడని కూడా అర్థం. మెక్సికో సింధుశాఖలో చమురు బావుల వేలాలను చూసిన ముగ్గురు ఇంజనీర్లు 1971లో ఈ సంగతే రాశారు: గెలిచిన కంపెనీలే ఎక్కువగా నష్టపోతున్నాయని. ఆ వ్యాసం చదవకపోయినా ఆదోనిలో ప్రతి పత్తి వ్యాపారికీ ఆ భయం ఉంటుంది. అందుకని ఏడు వేల ఎనిమిది వందలు పోతుందనుకున్న రాశికి ఏడున్నర వేలే రాస్తాడు.

యార్డులో నడిచే ఈ టెండరు పద్ధతిలో తగ్గింపు ఇంకా ఎక్కువవుతుంది. పక్కవాడు ఎంత వేశాడో గడువు తీరేదాకా కనిపించదు, గెలిస్తే తాను రాసిన ధర తానే కట్టాలి. కాబట్టి సరుకు విలువ ఎంతన్నది ఒక లెక్క, ఎదుటివాడు ఎంత వేస్తాడన్నది మరో లెక్క. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో దీనికి ఒక మందు చెప్పాడు. ఎక్కువ రాసినవాడే గెలవాలి గాని, కట్టాల్సింది రెండో స్థానంలో ఉన్నవాడి ధర. అప్పుడు తగ్గించి రాయాల్సిన అవసరం ఉండదు, మనసులో ఉన్న ధరే రాయొచ్చు. ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది. నేటి ఆన్‌లైన్ వేలాల్లో చాలావాటిలో ఈ ఆలోచన దాగి ఉంది. నీ గరిష్ఠ ధర చెప్పి పెట్టుకుంటే, నీ తర్వాతివాడి కన్నా ఒక మెట్టు మాత్రమే పైకి యంత్రం నీ తరఫున పాడుతుంది.

ఇవన్నీ కొనేవాళ్ళ తెలివికి సంబంధించినవి. అమ్మేవాడి సంగతేమిటి? ఈ-నామ్ నియమాల ప్రకారం వచ్చిన ధర నచ్చకపోతే రైతు వద్దనవచ్చు. కాగితం మీద అమెరికా కారు యజమానికి ఉన్న హక్కే ఆలూరు రైతుకూ ఉంది. ఒకసారి యార్డులో ధర విని మొహం వాడిపోయిన ఒక పెద్దాయనను, వద్దనొచ్చు గదా అని అడిగాను. "వద్దంటే మళ్ల యాడికి తీస్కపోవల్ల సార్? ట్రాక్టర్ బాడిగ ఎవురిస్తారు?" అన్నాడు. పత్తి తీసిన కూలోళ్ళు ఆ సాయంత్రం ఇంటి ముందు ఉంటారు. మందుల అంగడి అప్పు అట్లే ఉంది. రాత్రికి వాన పడితే రేపు ఇదే రాశికి ఇంకా తక్కువ. ఇంట్లో పోసుకుంటే చోటు చాలదు, ఒళ్ళంతా దురద, నిప్పు భయం. కారు షెడ్డులో ఉండి ఏడాది పోయేకొద్దీ ఇంకా అరుదవుతుంది. పత్తి యార్డులో ఉండి గంట పోయేకొద్దీ రైతుకు బరువవుతుంది.

మన పడమటి కర్నూలులోనే ఈ తేడాకు ఇంకా రెండు ఉదాహరణలున్నాయి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం నేల చూసుకుంటూ తిరుగుతారు. ఎవరికైనా రాయి దొరికితే వ్యాపారులు చేరి రహస్యంగా టెండరు వేస్తారు, ఎక్కువ వేసినవాడికి రాయి పోతుంది. పాత కారు లాగే వజ్రం కూడా ఒకదానిలాంటిది మరొకటి ఉండదు. అయినా దొరికినవాడు ఏడు రోజులు ఆగడు. ఇంట్లో పెట్టుకుంటే ప్రాణభయం, నలుగురి నోట్లో పడితే పోలీసు భయం, రాయిని కొలిచి విలువ చెప్పే మనిషి తన పక్షాన ఒక్కడూ లేడు. దొరికినరోజే అమ్మేస్తాడు. అరుదైన సరుకు ఉన్నా ధైర్యం లేకపోతే ధర రాదు.

ఎమ్మిగనూరు జాతరలో ఇందుకు పూర్తి విరుద్ధం. పుష్య పౌర్ణమికి నీలకంఠేశ్వరస్వామి తేరు, దానితోపాటు ఎద్దుల సంత. అక్కడ వేలం లేదు, కంప్యూటర్ లేదు. పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, కొంత దూరం నడిపించి చూస్తారు. తువ్వాల చాటున వేళ్ళు పట్టి ధర మాట్లాడే దలారులు సంతల్లో ఇంకా ఉన్నారు. పక్కన నిలబడినవాడికి ఏం మాట కుదిరిందో తెలియదు. ఇంత చీకటి బేరంలో కూడా ఎద్దులవాడు మోసపోవడం నేను తక్కువగా చూశాను. నచ్చకపోతే జత పగ్గం పట్టుకుని వచ్చిన దారినే పోతాడు. ఎద్దులు తమ కాళ్ళ మీద నడిచి ఇంటికి పోతాయి, రేపు పొలంలో పని చేస్తాయి. ఆ ఒక్క బలం ముందు దలారి తెలివి సరిపోదు. ఆన్‌లైన్ రానిచోట రైతు గట్టిగా నిలబడగలగడం, వచ్చినచోట నిలబడలేకపోవడం చూస్తే, యంత్రం ఒక్కటే చాలదని నాకు నమ్మకం కుదిరింది.

దీనికి ఒక గట్టి ఎదురువాదం ఉంది, దాన్ని దాటవేయకూడదు. జెరెమీ బులో, పాల్ క్లెంపరర్ అనే ఇద్దరు 1996లో ఒక సంగతి నిరూపించారు. కొన్ని షరతులకు లోబడి, రిజర్వు ధరను ఎంత నేర్పుగా పెట్టుకున్నా వచ్చే లాభం కన్నా, పాటకు ఇంకొక్క మనిషి అదనంగా వస్తే వచ్చే లాభమే ఎక్కువ. అందుకే కార్ల వేలాల్లో కూడా కొందరు రిజర్వు లేకుండానే పెడతారు, పాడేవాళ్ళు మరింత ఉత్సాహంగా వస్తారని. ఈ-నామ్ ఆశ కూడా ఇదే: కోయంబత్తూరు మిల్లువాడు, గుంటూరు వ్యాపారి అక్కడి నుంచే ఆదోని లాటుకు పాడాలి. ఆశ మంచిదే. కానీ కారు ఫొటో తీస్తే తుప్పు కనిపిస్తుంది. పత్తిని ఫొటో తీస్తే తేమ కనిపించదు, పింజ కనిపించదు. యార్డు వ్యాపారి రాశిలో మోచేతిదాకా పెట్టిన చెయ్యికి బదులు దూరాన ఉన్నవాడు నమ్మగలిగిన పరీక్ష కాగితం కావాలి. ఆ నమ్మకం ఒక్కరోజులో రాదు. పరీక్ష చేసే యంత్రాలు పెరగాలి, చెప్పిన అంకె తప్పయితే బాధ్యత ఎవరిదో తేలాలి. అంతదాకా పాడేవాళ్ళు ఆ రోజు యార్డులో నడిచినవాళ్ళే. పాడేవాళ్ళు కొద్దిమందే అయినచోట అమ్మేవాడు ఆగగలగడమే మిగిలిన బలం.

మద్దతు ధర అంటే నా దృష్టిలో రైతు తరఫున ప్రభుత్వం రాసిన రిజర్వు. 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటా 8,110, మధ్య రకానికి 7,710 రూపాయలు. కానీ వేలంలో రిజర్వు అందకపోతే కారు ఇంటికి పోతుంది. ఇక్కడ అందకపోతే పత్తి భారత పత్తి సంస్థ కేంద్రానికి పోవాలి, అక్కడ తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. అక్టోబరు వానల్లో తడిసిన పత్తికి ఆ రిజర్వు పనిచేయదు. ఆ రైతుకు కావాల్సింది ఆరబెట్టుకునే చోటు, ఆరేదాకా ఇల్లు గడిచే డబ్బు.

ఆగితే ఎప్పుడూ లాభమేనని నేను అనడం లేదు. 2022 మొదట్లో ఆదోనిలో పత్తి పదివేలు దాటింది, ముందే అమ్మేసినవాళ్ళు బాధపడ్డారు. మరుసటి ఏడు అదే ఆశతో దాచుకున్నవాళ్ళకు ధర పడిపోయి నష్టం వచ్చింది. నేననేది ఇంకొకటి. స్టుట్‌గార్ట్‌లో 2022 మే 5న మెర్సిడెస్ తన 1955 నాటి 300 ఎస్ఎల్ఆర్ కూపే కారును వేలంలో అమ్మింది. అలాంటివి తయారైనవే రెండు. 13 కోట్ల 50 లక్షల యూరోలు పలికింది. అరవై ఏడేళ్ళు అట్టిపెట్టుకుని, ఎప్పుడు అమ్మాలో తనే నిర్ణయించుకుంది. ధర కన్నా నాకు గొప్పగా కనిపించింది ఆ నిర్ణయం. లాభమో నష్టమో, ఏ రోజు అమ్మాలన్నది బాడిగ ట్రాక్టరు గాక పత్తి పండించినవాడు తేల్చుకోవాలి.

దానికి దారులు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మన రాష్ట్ర మార్కెట్ కమిటీలకు రైతుబంధు అనే తాకట్టు రుణం ఎన్నో ఏళ్ళుగా ఉంది. అదే పేరుతో ఒకప్పుడు తెలంగాణ ఇచ్చిన పెట్టుబడి సాయం వేరు, ఇది వేరు. సరుకు గోదాములో పెడితే విలువలో 75 శాతం దాకా అప్పు, మొదటి ఆరు నెలలు వడ్డీ లేదు. గోదాము రసీదును చట్టబద్ధమైన పత్రంగా చేస్తూ 2007లో చట్టం వచ్చింది. 2020 నుంచి ఈ-నామ్‌లో గోదాములో ఉన్న సరుకును అక్కడి నుంచే అమ్మే వీలు వచ్చింది. ధాన్యం, కందులు, శనగలు ఇట్లా ఆగగలవు. విడి పత్తికి గోదాము చాలా జాగా తింటుంది, అందుకే దాని గురించి వేరుగా ఆలోచించాలి: సహకార సంఘాలే జిన్ను పట్టించి బేళ్ళుగా చేసి పెడితే 170 కిలోల బేలు చాలాకాలం ఉంటుంది, పరీక్ష కాగితంతో దూరపువాడికీ అమ్మొచ్చు. ఎమ్మిగనూరు నేతగాళ్ళు 1938లో కలిసి చేసిన పని పత్తి రైతులు ఇప్పుడు కలిసి చేయలేనిదేమీ కాదు.

అంతకుముందు, రేపే చేయగలిగిన పని ఒకటుంది. ధర నచ్చక రైతు వద్దన్న లాటు మర్నాటి పాటదాకా ఉండటానికి కప్పు, కాపలా, తేమ కొలిచే పరికరం, ఆ సాయంత్రం కూలోళ్ళకు ఇవ్వడానికి సరుకు మీద కొంత డబ్బు. పత్తి అమ్మే ప్రతి యార్డులోనూ ఇవి ఉండాలి. మార్కెట్ కమిటీలలో ఉన్నవాళ్ళు ఈ సీజన్ మొదలయ్యేలోపల ఈ నాలుగూ సిద్ధం చేయండి. రైతులూ, ఇవి ఉన్నాయా అని గేటు దగ్గర లాటు నంబరు తీసుకునేటప్పుడే అడగండి.